రసీదు చేతిలో ఉందని విమానం ఎక్కితే: గ్రీన్‌కార్డ్ కేసు నడుస్తుండగా దేశం దాటడం

అమెరికాలో ఉంటూనే, భార్య లేదా భర్త ద్వారా గ్రీన్‌కార్డ్‌కు ఐ-485 దరఖాస్తు పెట్టినవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ నుంచి ఒక రసీదు వస్తుంది. దరఖాస్తు అందింది, కేసు నంబరు ఇది, ఫీజు ముట్టింది అని మాత్రమే ఆ కాగితం చెబుతుంది. తిరిగి రానిస్తామన్న హామీ అందులో ఎక్కడా ఉండదు. అయినా ఆ రసీదును నమ్ముకుని, పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఇంకా చెల్లుతోందన్న ధైర్యంతో తమ్ముడి పెళ్లికి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఉన్నారు. తిరిగొచ్చాక కేసు మూసేశామన్న ఉత్తరం అందుతుంది.

నియమం చిన్నదే. ఐ-485 పెండింగ్‌లో ఉన్న మనిషి అడ్వాన్స్ పెరోల్, అంటే వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం, లేకుండా దేశం దాటితే, ఆ దరఖాస్తును తానే వదులుకున్నట్టు లెక్క. ఫెడరల్ నిబంధనల్లో 8 సీఎఫ్ఆర్ 245.2 కింద ఇది స్పష్టంగా ఉంది. ఐ-485 అనేది దేశం లోపల ఉన్నవాళ్లు బయటికి వెళ్లకుండానే హోదా మార్చుకునే దారి. బయటికి వెళ్లిన మనిషికి ఆ దారి అవసరం లేదన్నది చట్టం ఊహ. ఎన్ని రోజులు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నవి లెక్కలోకి రావు. నయాగరా చూడ్డానికి వెళ్లి, రెయిన్‌బో బ్రిడ్జి మీదుగా కెనడా వైపు నడిచి గంటలో తిరిగొచ్చినా దేశం దాటినట్టే. మెక్సికో, బహమాస్ రేవుల్లో ఆగే క్రూయిజ్ కూడా అంతే. హవాయి, ప్యూర్టోరికో విమానాలకు ఈ భయం లేదు. అలాస్కాకు విమానంలో నేరుగా వెళ్తే ఇబ్బంది లేదు, కారులో వెళ్తే మాత్రం మధ్యలో కెనడా తగులుతుంది.

"వెళ్లొచ్చా?" అని ఒకే ప్రశ్నగా అడగడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. నిజానికి అందులో మూడు ప్రశ్నలున్నాయి. వెళ్లాక దరఖాస్తు బతికి ఉంటుందా? తిరిగొచ్చినప్పుడు విమానాశ్రయంలో లోపలికి రానిస్తారా? రేపు ఆ దరఖాస్తు తిరస్కరణకు గురైతే కాళ్ల కింద ఏ హోదా మిగిలి ఉంటుంది? మూడింటికీ జవాబులు వేర్వేరు. ఒకదానికి వచ్చిన జవాబును మిగతా రెంటికీ అతికించుకున్నప్పుడే నష్టం జరుగుతుంది. ఉదాహరణకు ఎఫ్-1 మీద చదువుకుంటూ అమెరికా పౌరుణ్ణి పెళ్లాడిన అమ్మాయి పాస్‌పోర్టులో వీసాకు మరో రెండేళ్ల గడువు ఉందనుకుందాం. అడ్వాన్స్ పెరోల్ లేకుండా విజయవాడ వెళ్లి వచ్చింది. స్టాంపు చూసి అధికారి లోపలికి రానిచ్చినా రానివ్వచ్చు. రెండో ప్రశ్నకు జవాబు దొరికింది. మొదటిదానికి మాత్రం దొరకలేదు, ఆమె ఐ-485 వెళ్లిన రోజే ముగిసిపోయింది. పైగా ఎఫ్-1 వీసాకు చదువు అయ్యాక స్వదేశం వెళ్తానన్న ఉద్దేశం ఉండాలి, గ్రీన్‌కార్డ్ దరఖాస్తు దానికి ఎదురు సాక్ష్యం. కాబట్టి ఆ స్టాంపుతో లోపలికి రావడం కూడా ఖాయం కాదు. చదువయ్యాక ఇచ్చే పని అనుమతి అయిన ఓపీటీ మీద ఉన్నవాళ్లకూ, బి-2 పర్యాటక వీసా మీద వచ్చి ఇక్కడే పెళ్లి చేసుకుని దరఖాస్తు పెట్టినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

హెచ్, ఎల్ వీసాల మినహాయింపు

హెచ్-1బి, ఎల్-1 మీద ఉన్నవాళ్లకూ, వాళ్లమీద ఆధారపడిన హెచ్-4, ఎల్-2 వాళ్లకూ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. ఈ వీసాలున్నవాళ్లు తాత్కాలికంగా పని చేస్తూనే శాశ్వత నివాసం కోరుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. అందుకే చెల్లే స్టాంపుతో వెళ్లి అదే హోదాలో తిరిగొస్తే, అడ్వాన్స్ పెరోల్ లేకపోయినా ఐ-485 బతికే ఉంటుంది. తెలుగు కుటుంబాల్లో ఎక్కువమందికి తెలిసింది ఈ భాగమే. దానికి ఉన్న షరతులు అంతగా తెలియవు.

హెచ్-1బి మనిషి తిరిగొచ్చాక అదే సంస్థలో పని కొనసాగించాలి. హెచ్-4 మినహాయింపు నిలవాలంటే అసలు హెచ్-1బి మనిషి ఇంకా హెచ్-1బి హోదాలోనే ఉండాలి. చిక్కుముడి పడేది ఇక్కడే. గ్రీన్‌కార్డ్ వరుసలో ఎవరి వంతు వచ్చిందో ప్రతి నెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2020 అక్టోబర్‌లో ఉద్యోగ కోటా ఈబీ-3లో భారతీయుల దరఖాస్తు తేదీ 2015 జనవరి 1 దాకా ముందుకు జరిగినప్పుడు వేలాది భారతీయ దంపతులు ఒకేసారి ఐ-485లు పెట్టారు. ఆ కేసుల్లో కొన్ని ఏళ్ల తరబడి నడిచాయి. అలాంటి కేసుల్లో భర్త ఐ-485 మీద వచ్చిన వర్క్ పర్మిట్, అంటే ఈఏడీ, వాడుకుని హెచ్-1బి లేకుండా కొత్త కంపెనీకి మారితే, ఆ రోజుతో భార్య హెచ్-4కు ఆధారం పోతుంది. పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపు మెరుస్తూనే ఉంటుంది, దాని వెనక హోదా మాత్రం ఉండదు. ఆ స్టాంపును నమ్ముకుని వెళ్తే మినహాయింపు వర్తించదు. దంపతులిద్దరివీ వేర్వేరు ఐ-485లని, ఒకరి అడ్వాన్స్ పెరోల్ మరొకరికి పనికిరాదని కూడా గుర్తుపెట్టుకోవాలి.

స్టాంపు గడువు తీరినవాళ్లకు ఇప్పుడు ఇంకో కష్టం తోడైంది. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్ వీసాలకు ఇంటర్వ్యూ లేని డ్రాప్‌బాక్స్ సౌకర్యం దాదాపు పోయింది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాల పరిశీలన మొదలవడంతో భారత్‌లోని కాన్సులేట్లలో చాలా అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. రెండు వారాల సెలవు మీద వచ్చి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని వెళ్దామన్న పాత లెక్క ఇక నమ్మదగ్గది కాదు. హెచ్-1బి ఉన్నా సరే అడ్వాన్స్ పెరోల్ కూడా తీసి పెట్టుకోవడం మేలు. ఊళ్లో ఉండగా ఉద్యోగం ఊడినా, స్టాంపింగ్ ఆగిపోయినా తిరిగి రావడానికి అదొక్కటే దారి. పెరోల్ మీద లోపలికొచ్చిన హెచ్-1బి మనిషి అదే సంస్థలో పని కొనసాగించవచ్చని, హెచ్-1బి పొడిగింపు కూడా కోరవచ్చని 2000లోనే అప్పటి ఇమిగ్రేషన్ సర్వీస్ మెమో ఇచ్చింది.

ఐ-131 పెట్టేటప్పుడు

అడ్వాన్స్ పెరోల్‌కు పెట్టాల్సిన ఫారం ఐ-131. ఒకే ఫారం మీద రీ-ఎంట్రీ పర్మిట్, శరణార్థి ప్రయాణ పత్రం, అడ్వాన్స్ పెరోల్ అన్నీ అడగవచ్చు కాబట్టి తప్పు గడిలో టిక్కు పెట్టేవాళ్లు ఎక్కువ. రీ-ఎంట్రీ పర్మిట్ ఇప్పటికే గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు. ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్లు దేశం లోపల ఉండి అడ్వాన్స్ పెరోల్ కోరుతున్నామన్న గడినే ఎంచుకుని, ఐ-485 రసీదు ప్రతి, పాస్‌పోర్టు ఫొటో పేజీ, రెండు ఫొటోలు జతచేయాలి. 2024 ఏప్రిల్ 1కి ముందు ఐ-485 ఫీజులోనే ఇది కలిసి ఉండేది. ఆ తేదీ నుంచి విడదీశారు. ఐ-485కు 1,440 డాలర్లు, దానితోపాటు పెట్టే ఈఏడీ ఫారం ఐ-765కు 260, ఐ-131కు 630. పాత సమాచారం చదివి 630 డాలర్లు జతచేయకుండా పంపిన ఐ-131 వెనక్కి వచ్చేస్తుంది. 2025 అక్టోబర్ 28 తర్వాత కొద్ది మినహాయింపులు తప్ప కాగితపు చెక్కులు, మనీ ఆర్డర్లు కూడా తీసుకోవడం లేదు. కార్డుకైతే జి-1450, బ్యాంకు ఖాతాకైతే జి-1650 ఫారం జతచేయాలి. పెరోల్ మీద వచ్చేవాళ్లకు 2025లో కొత్తగా పెట్టిన 1,000 డాలర్ల రుసుము గురించి చాలామంది కంగారు పడుతున్నారు. ఐ-485 పెండింగ్‌లో ఉండి తాత్కాలిక ప్రయాణం ముగించుకుని తిరిగొచ్చేవాళ్లను ఆ చట్టమే మినహాయించింది.

630 డాలర్లు దండగ అనిపించి, ప్రయాణం ఖాయమయ్యాక పెట్టుకుందాం అని వాయిదా వేస్తారు. ఇది పెద్ద పొరపాటు. ఐ-131 తేలడానికి నెలలు పడుతుంది. నాన్నకు గుండెపోటు వచ్చిందన్న ఫోను నెలల ముందు చెప్పి రాదు. ఊళ్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరూ ఐ-485తో పాటే ఐ-131 పంపడం మంచిది, ప్రయాణం ఆలోచన లేకపోయినా సరే.

పెట్టాక మరో మెలిక ఉంది. ఐ-131 పెండింగ్‌లో ఉండగా వెళ్లిపోతే అది కూడా వదులుకున్నట్టే. పత్రం ఆమోదమైందన్న కబురు కాదు, పత్రమే చేతికి రావాలి. వచ్చిన పత్రం ఐ-512ఎల్ అన్న కాగితం. కొన్నేళ్లపాటు ఈఏడీ కార్డు మీదే ఈ అనుమతి కలిపి ఇచ్చారు, ఆ కార్డు మీద "సర్వ్స్ యాజ్ ఐ-512 అడ్వాన్స్ పెరోల్" అన్న వాక్యం ఉండేది. ఆ వాక్యం లేని ఈఏడీ కేవలం పని చేసుకోవడానికే. దాన్ని చూపి విమానం ఎక్కి, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో ఆగిపోవడం చాలా తేలిగ్గా జరిగే తప్పు. పత్రం మీద గడువు తేదీ, ఒకసారికా, పలుసార్లకా అన్నదీ చూడాలి. వెళ్లే రోజున చెల్లితే చాలదు, అమెరికాలో దిగే రోజున చెల్లాలి. ఇంటిపేరు పెళ్లి తర్వాత మార్చుకున్నవాళ్లకు పాస్‌పోర్టు, టికెట్టు, ఐ-512ఎల్ మూడింటి మీదా పేరు ఒకటేనా అన్నది అసలు పరీక్ష. తేడా ఉంటే పెళ్లి ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి.

కబురు వచ్చినప్పుడు

పత్రం రాకముందే ఇంటి నుంచి చెడు కబురు వస్తే రెండు దారులున్నాయి. ఐ-131 ముందే పెట్టి ఉంటే దాన్ని త్వరగా తేల్చమని ఎక్స్‌పెడైట్ కోరవచ్చు. మరీ అత్యవసరమైతే యూఎస్‌సీఐఎస్ కాంటాక్ట్ సెంటర్‌కు ఫోను చేసి దగ్గర్లోని ఫీల్డ్ ఆఫీసులో అత్యవసర అడ్వాన్స్ పెరోల్ అపాయింట్‌మెంట్ అడగాలి. నింపిన ఐ-131, ఫీజు, ఫొటోలు, ఐ-485 రసీదు, అత్యవసరానికి రుజువు తీసుకెళ్లాలి. రుజువు అంటే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద డాక్టరు సంతకంతో రోగి పేరు, జబ్బు, చేర్చిన తేదీ, పరిస్థితి ఎంత విషమమో రాసిన ఉత్తరం, లేదా మరణ ధ్రువపత్రం. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, రెండు భాషలూ వచ్చని, అనువాదం సరైనదని అనువదించినవారి సంతకంతో ధ్రువీకరణ ఉండాలి. రోగితో బంధుత్వం చూపే పుట్టిన తేదీ ధ్రువపత్రాన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ. అది లేకపోతే ఆసుపత్రి ఉత్తరం ఎవరిదో మూడో మనిషిది అయిపోతుంది.

ఇంత చేసినా అపాయింట్‌మెంట్ దొరకడానికి రోజులు పట్టవచ్చు. మనవాళ్లలో దహనం చాలాసార్లు అదే రోజో మర్నాడో జరిగిపోతుంది, దానికి అందుకోవడం దాదాపు అసాధ్యం. పెద్దకర్మకు చేరడం లక్ష్యంగా పెట్టుకుంటే ఆ పది పన్నెండు రోజుల్లో పని అయ్యే అవకాశం ఉంటుంది. ఇది చెప్పడానికి కష్టంగా ఉన్నా ముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతి. దుఃఖంలో, పత్రం లేకుండా విమానం ఎక్కేసినవాళ్లకు తర్వాత సానుభూతి దొరుకుతుంది కానీ మినహాయింపు దొరకదు. కేవలం విహారం కోసమైతే త్వరగా ఇవ్వరు. ముందే నిర్ణయమైన వ్యక్తిగత, ఉద్యోగ, చదువు కార్యక్రమానికి తగినంత ముందుగా ఐ-131 పెట్టి, ప్రాసెసింగ్ ఆలస్యం వల్లే అందుకోలేకపోతున్నామని చూపగలిగితే ఎక్స్‌పెడైట్ పరిశీలిస్తారు. సమయానికి పెట్టామా అన్నదే అక్కడ ప్రశ్న.

విమానాశ్రయంలో

చెక్-ఇన్ కౌంటర్ సిబ్బందికి వీసా స్టాంపు, గ్రీన్‌కార్డ్ అలవాటు. ఐ-512ఎల్ కాగితం తక్కువగా తగులుతుంది. విమాన సంస్థలకు అమెరికా సరిహద్దు శాఖ ఇచ్చిన మార్గదర్శిలో అది చెల్లే పత్రమేనని ఉంది, కాబట్టి ఓపిగ్గా పై అధికారిని పిలిపించమంటే పని జరుగుతుంది. అందుకు తగ్గ సమయం చేతిలో పెట్టుకుని వెళ్లాలి. మధ్యలో దిగే దేశం సంగతి ఇంకా ముఖ్యం. అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు కొన్ని దేశాలు ఇచ్చే ట్రాన్సిట్ మినహాయింపు ఈ కాగితానికి వర్తిస్తుందని అనుకోకూడదు. ఇది వీసా కాదు. దుబాయ్, దోహా లాంటి చోట్ల విమానాశ్రయం దాటకుండా మరో విమానం ఎక్కే టికెట్టు తలనొప్పి తగ్గిస్తుంది.

దిగాక అదనపు తనిఖీ జరిపే సెకండరీ గదికి పంపడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. అక్కడ ఫైలు చూసి, పత్రం మీద స్టాంపు వేసి పెరోల్ చేస్తారు. అందుకు అరగంట పట్టవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు. వెంటనే ఇంకో ఊరికి విమానం పెట్టుకుంటే తప్పిపోతుంది. స్టాంపులో డీఏ అన్న అక్షరాలు, సాధారణంగా ఏడాది గడువు ఉంటాయి. పలుసార్లకు చెల్లే పత్రమైతే తిరిగి ఇచ్చారో లేదో చూసుకోవాలి. తర్వాత రాకపోకల రికార్డు చూపే ఐ-94 వెబ్‌సైట్‌లో ఆ ప్రవేశం నమోదైందా అన్నది ఆ వారంలోనే సరిచూసుకోవాలి. ఐ-485 రసీదు, పెళ్లి ధ్రువపత్రం, భాగస్వామి పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డ్ ప్రతి చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు.

అడ్వాన్స్ పెరోల్ దరఖాస్తును బతికిస్తుందే తప్ప ప్రవేశానికి హామీ ఇవ్వదు. అరెస్టు, తాగి నడిపిన కేసు, పాత వీసా అబద్ధం లాంటివి ఉంటే అధికారి నిరాకరించవచ్చు. పెరోల్ మీద వచ్చిన మనిషిని చట్టం ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నట్టు చూస్తుంది. నిర్బంధిస్తే ఇమిగ్రేషన్ జడ్జి బెయిలు ఇచ్చే వీలు కూడా వాళ్లకు ఉండదు. బహిష్కరణ ఆదేశం ఒకప్పుడు జారీ అయినవాళ్లు అడ్వాన్స్ పెరోల్ ఉన్నా గడప దాటకూడదు, వెళ్లడంతో ఆ ఆదేశం అమలైపోయినట్టే.

ఒక తీర్పు, దాని హద్దు

వీసా గడువు మీరి ఉండిపోయి, తర్వాత అమెరికా పౌరుణ్ణి పెళ్లాడినవాళ్ల భయం వేరు. 180 రోజులు దాటి అక్రమంగా ఉండి దేశం విడిచినవాళ్లకు మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు ప్రవేశం లేదని చట్టం. ఈ ప్రశ్నకు తెలుగు ఇంటిపేర్లు వినిపించే కేసే జవాబు చెప్పింది. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవడానికి అడ్వాన్స్ పెరోల్ మీద భారత్ వెళ్లొచ్చిన దంపతుల మీద ఈ నిషేధం పడింది. అర్రబల్లి, యెర్రబెల్లి కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 2012 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ అపీళ్ల బోర్డు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. అనుమతి తీసుకుని వెళ్లి వచ్చే ప్రయాణం ఆ నిషేధాన్ని మోసుకొచ్చే "నిష్క్రమణ" కాదని చెప్పింది. అప్పటినుంచి వేలాదిమంది అమ్మానాన్నల్ని చూడగలిగింది ఆ తీర్పు వల్లే.

కానీ దాని నీడ అన్నిటి మీదా పడదు. బహిష్కరణ ఆదేశాలకూ, ఒకసారి నిషేధం పడ్డాక దొంగదారిన తిరిగొచ్చినవాళ్లకు ఉండే శాశ్వత నిషేధానికీ అది వర్తించదు. పైగా అది చట్టసభ చేసిన శాసనం కాదు, బోర్డు తీర్పు. మారనూ వచ్చు. గడువు మీరిన చరిత్ర ఉన్నవాళ్లు లాయరుకు ఫైలు చూపించకుండా కదలకూడదు.

తిరస్కరణ వస్తే?

మూడో ప్రశ్న ఇప్పుడు ముందుకన్నా బరువెక్కింది. ఎఫ్-1 మనిషి పెరోల్ మీద తిరిగొస్తే ఇక విద్యార్థి హోదాలో లేనట్టే. తర్వాత ఐ-485 తిరస్కరిస్తే వెనక్కి పడడానికి నేల ఉండదు. దరఖాస్తు తిరస్కరించాక చట్టబద్ధ హోదా లేనివాళ్లకు బహిష్కరణ విచారణ నోటీసు జారీ చేయాలని యూఎస్‌సీఐఎస్ 2025 ఫిబ్రవరి 28న విధానం ప్రకటించింది. పెళ్లి రుజువులు బలహీనంగా ఉన్న కేసుల్లో అవి గట్టిపడేదాకా ప్రయాణం ఆపుకోవడమే మంచిది. హెచ్-1బి మనిషి స్టాంపుతో హెచ్ హోదాలోనే తిరిగొస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది. స్టాంపు, పెరోల్ రెండూ ఉన్నప్పుడు స్టాంపునే చూపడం తెలివి.

లేనప్పుడు వచ్చే టపా కూడా కేసును చంపగలదు. వేలిముద్రలు, ఫొటో తీసే బయోమెట్రిక్స్ తేదీ, ఇంటర్వ్యూ నోటీసు, అదనపు ఆధారాలు అడిగే ఉత్తరం ఇవన్నీ అమెరికా చిరునామాకే వస్తాయి. బయోమెట్రిక్స్‌కు గానీ ఇంటర్వ్యూకు గానీ ముందే తేదీ మార్పించుకోకుండా వెళ్లకపోతే కేసు వదులుకున్నట్టు తీర్మానించవచ్చు. అదనపు ఆధారాలకు ఇచ్చే గడువు ఎక్కువలో ఎక్కువ 84 రోజులు, పోస్టుకు మరికొన్ని రోజులు, అంతకుమించి పొడిగించరు. ఇంట్లో ఉండే భాగస్వామి గానీ నమ్మకస్తుడైన స్నేహితుడు గానీ వారానికి రెండుసార్లయినా పెట్టె తెరిచి ఫొటో తీసి పంపాలి. తపాలా శాఖ ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ పెట్టుకుంటే కవరు బొమ్మ ఈమెయిల్‌కే వస్తుంది. వీలైతే బయోమెట్రిక్స్ అయ్యాకే బయల్దేరాలి. ప్రయాణం చిన్నదిగా ఉండడం మరో కారణంగానూ మంచిది, దంపతులు నెలల తరబడి రెండు దేశాల్లో ఉంటే ఇంటర్వ్యూలో ఎందుకని అడుగుతారు.

పత్రం లేకుండా ఇప్పటికే వెళ్లిపోయినవాళ్ల సంగతి ఏమిటి? ఐ-485 పోతుంది, దాని 1,440 డాలర్లూ పోతాయి. 2025 జూన్ 11న వచ్చిన నియమం ప్రకారం, 2023 నవంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ సంతకమైన ఐ-693 వైద్య పరీక్ష ఆ దరఖాస్తుతోపాటే చెల్లకుండా పోతుంది. కానీ బంధుత్వాన్ని చూపుతూ భాగస్వామి పెట్టిన ఐ-130 పిటిషన్ మాత్రం చావదు. అది ఆమోదమయ్యాక ఐ-824 ఫారంతో నేషనల్ వీసా సెంటర్‌కు పంపించి, ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు డీఎస్-260 నింపి, ముంబై కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. గడువు మీరి ఉన్న చరిత్ర లేకపోతే ఇది ఆలస్యమే తప్ప అంతం కాదు. కేసు పోయిందన్న కంగారులో కొత్త ఐ-130 పెట్టి మళ్లీ ఫీజు కట్టేముందు పాత పిటిషన్ రసీదు నంబరుతో దాని స్థితి ఏమిటో చూసుకోవాలి.